అడవి తీసి తోట పెడితే అడ్డుపడే హక్కు ఎవరిది?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, పసిఫిక్ తీరానికి దగ్గరగా అన్నాపోలిస్ అనే చిన్న ఊరు ఉంది. అడవి నరికి ద్రాక్షతోటలు వేయవద్దని అక్కడి వాళ్లు ఏళ్ల తరబడి పోరాడి, చివరికి కోర్టుకెక్కారు. మన ములుగు, ఆసిఫాబాద్ జిల్లాల గూడేల్లో జనం అటవీ శాఖ ట్రాక్టర్లకు అడ్డం నిలబడ్డారు. తమ పొలాల్లో మొక్కలు నాటవద్దని వాళ్ల గొడవ. చదివేవారి దృష్టిలో మొదటివాళ్లు అడవిని కాపాడినవాళ్లు, రెండోవాళ్లు అడవిని పాడు చేస్తున్నవాళ్లు. ఈ రెండు ముద్రలూ తొందరపాటుతో వేసినవే. పక్కపక్కన పెట్టి చూస్తే రెండు తగాదాల్లోనూ ఒకే చిక్కు కనిపిస్తుంది. ఒక కొండవాలు మీద ఏం పెరగాలో ఎవరో దూరాన కూర్చొని తేల్చేస్తున్నప్పుడు, ఆ వాలు కింద బతికేవాళ్లకు గొడ్డలి పడకముందే మాట చెప్పే అవకాశం ఉందా? కాలిఫోర్నియాలో ఉంది కాబట్టి వాళ్ల అభ్యంతరం కోర్టు తీర్పుగా మారింది. మన దగ్గర కాగితం మీద ఉంది, నేల మీద తరచుగా లేదు. అందుకే ఇక్కడ అభ్యంతరం ట్రాక్టరు ముందు నిలబడటంగా మారుతోంది.

ద్రాక్ష కొండెక్కిన కథ

ద్రాక్షతోట అంటే మనకు తెలిసింది హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు పరచుకున్న పందిరి తోటలు. అనాబ్-ఎ-షాహీ రకానికి పేరు తెచ్చింది ఆ నగరమే. శివారు భూములు ప్లాట్లుగా మారాక ఆ తోటల్లో చాలా వరకు కనుమరుగయ్యాయి. అంటే ఇక్కడ ద్రాక్షను మింగింది రియల్ ఎస్టేటు. కాలిఫోర్నియాలో ద్రాక్షే అడవిని మింగడానికి వచ్చింది. నాపా, సోనోమా లోయల్లో మంచి నేల ఎప్పుడో తోటలతో నిండిపోయింది, మిగిలిన కొద్దిపాటి భూమి ధర అందరికీ అందేది కాదు. వైను తయారీకి వాడే పినో న్వార్ వంటి రకాలకు చల్లటి గాలి, పొద్దుటి పొగమంచు కావాలి. అవి రెండూ సముద్రానికి దగ్గరి కొండల మీద దొరుకుతాయి. ఆ కొండల మీద రెడ్‌వుడ్, డగ్లస్ ఫర్ చెట్ల అడవి ఉంది. కలప వ్యాపారులు ఇదివరకే కొట్టుకుపోగా మళ్లీ పెరిగిన అడవి కనుక లోయలోని తోట భూమితో పోలిస్తే అక్కడి ఎకరం చౌక. లెక్క సులభం: చౌక అడవిని కొని, నరికి, ఖరీదైన ద్రాక్షతోటగా మార్చడం.

అన్నాపోలిస్ దగ్గర స్పెయిన్‌కు చెందిన కొడోర్నియు సంస్థ తన ఆర్టెసా వైనరీ కోసం వేసుకున్న పథకం అలాంటిదే. 150 ఎకరాలకు పైగా అడవి తీసి తోట వేయాలనుకున్నారు. దానికి పక్కనే 'ప్రిజర్వేషన్ రాంచ్' అన్న చిత్రమైన పేరుతో ఇంకా పెద్ద పథకం వచ్చింది. దాదాపు 20 వేల ఎకరాల అడవిలో 1,700 ఎకరాలకు పైగా ద్రాక్ష వేస్తామన్నారు. ఆ పెట్టుబడి వెనుక ఉన్నది కాలిఫోర్నియా ప్రభుత్వ ఉద్యోగుల పింఛను నిధి. ఆ ఉద్యోగులు తమ పింఛను ఏ చెట్ల మీద పెరుగుతోందో అడిగి తెలుసుకుని ఉంటారని నేను అనుకోను.

స్థానికులు అభ్యంతరం చెప్పింది ద్రాక్షకు కాదు. వాళ్లలో చాలామంది వైను తాగేవాళ్లే, కొందరు పండించేవాళ్లు కూడా. వాళ్ల అభ్యంతరాలు నేలకు సంబంధించినవి. కలప కోసం అడవిని కొడితే మొద్దులు మిగులుతాయి, కొన్నేళ్లకు అడవి మళ్లీ లేస్తుంది. తోట కోసమైతే మొద్దులను వేళ్లతో పెకిలించి, నేలను లోతుగా చీల్చి, జింకలు రాకుండా చుట్టూ కంచె వేస్తారు. ఇక ఆ అడవి తిరిగి రాదు. వదులైన మట్టి వానకు కొట్టుకుపోయి గ్వాలాలా నదిలో చేరుతుంది. ఆ నదిలో సాల్మన్ జాతి చేపలు గులకరాళ్ల సందుల్లో గుడ్లు పెడతాయి. ఒండ్రు పేరుకుంటే గుడ్లకు గాలి ఆడదు. ఎండాకాలంలో వాగు సన్నబడే రోజుల్లోనే తోటకు నీరు కావాలి. వీటన్నిటికీ తోడు, ఆర్టెసా స్థలంలో కషాయా పోమో అనే ఆదివాసీల పూర్వీకుల ఆనవాళ్లు ఉన్నాయి.

అక్కడ అటవీ భూమిని సాగుకు మార్చాలంటే రాష్ట్ర అటవీ, అగ్నిమాపక శాఖ దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పెద్ద పథకమైతే 1970 నాటి రాష్ట్ర పర్యావరణ చట్టం ప్రకారం ప్రభావ నివేదిక రాయించాలి. ఆ నివేదికను ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు. వచ్చిన అభ్యంతరాలకు ఆ శాఖ లిఖితపూర్వకంగా జవాబు చెప్పాలి. జవాబు తృప్తినివ్వకపోతే కోర్టుకు వెళ్లవచ్చు. అన్నాపోలిస్ వాళ్లు ఈ దారి మొత్తం నడిచారు. 2012లో ఆ శాఖ ఆర్టెసాకు అనుమతి ఇచ్చింది. నది సంరక్షణ సంఘం, మరో రెండు పర్యావరణ సంస్థలు దావా వేశాయి. 2013 చివర్లో సోనోమా కౌంటీ కోర్టు ఆ నివేదిక చట్టం కోరిన స్థాయిలో లేదని తేల్చింది. ఆ తరువాత సంస్థ పథకాన్ని వదులుకుంది. అదే 2013లో ప్రిజర్వేషన్ రాంచ్ భూమిని కన్జర్వేషన్ ఫండ్ అనే సంస్థ 2 కోట్ల 45 లక్షల డాలర్లకు కొనేసింది.

ఇంత చెప్పి అక్కడ అంతా సవ్యంగా ఉందంటే అబద్ధమవుతుంది. పక్కనున్న నాపా కౌంటీలో 2018 జూన్‌లో ఓక్ అడవులకు, వాగుల ఒడ్డుకు రక్షణ పెంచే ప్రతిపాదన మీద ప్రజల ఓటు తీసుకున్నారు. దాదాపు 36 వేల ఓట్లు పడితే ఆ ప్రతిపాదన ఆరు వందల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయింది. స్థానికులంతా ఒక్కటే మాట మీద ఉంటారన్నది బయటివాళ్ల భ్రమ. కొండమీద తోట ఉన్నవాడూ స్థానికుడే, కొండకింద బావి ఉన్నవాడూ స్థానికుడే.

తాడ్వాయి అడవిలో ద్రాక్ష వేస్తామంటే

ఇప్పుడు ఇదే పథకాన్ని ఊహలో మన దగ్గరికి తెచ్చుకుందాం. ఏటూరునాగారం అభయారణ్యం పక్కన, తాడ్వాయి దారిలో, రెండు వందల ఎకరాల రిజర్వు ఫారెస్టును తీసి తోట వేస్తామని ఒక కంపెనీ వచ్చిందనుకోండి. చట్టం ఏమంటుంది?

1980 నాటి అటవీ సంరక్షణ చట్టంలో దీనికి చాలా మందికి తెలియని, సూటి జవాబు ఉంది. కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా అటవీ భూమిని అటవీయేతర పనికి వాడకూడదు. అటవీయేతర పని అంటే గని, రోడ్డు, ఆనకట్ట మాత్రమే అనుకుంటాం. చట్టం పేరు పెట్టి చెప్పిన జాబితా వేరే ఉంది: తేయాకు, కాఫీ, సుగంధ ద్రవ్యాలు, రబ్బరు, తాటి జాతి చెట్లు, నూనెనిచ్చే మొక్కలు, ఉద్యాన పంటలు, ఔషధ మొక్కలు. వీటి సాగు కోసం అడవిని నరకడం అటవీయేతర పనే. ద్రాక్ష ఉద్యాన పంట, మామిడీ ఉద్యాన పంటే. ఆయిల్ పామ్‌కు ఈ జాబితాలో రెండు చోట్ల స్థానం దొరుకుతుంది. పచ్చగా ఉంటుంది కనుక తోట కూడా అడవి లాంటిదేనన్న వాదనకు చట్టం తలుపు మూసేసింది. 2023లో ఈ చట్టాన్ని చాలా చోట్ల సడలించారు. జంతు ప్రదర్శనశాలలకు, సఫారీలకు, పర్యాటక సదుపాయాలకు మినహాయింపులు ఇచ్చారు. తోటల జాబితాను మాత్రం కదపలేదు.

ఏజెన్సీ మండలమైతే మరో గోడ ఉంది. 1970లో కట్టుదిట్టం చేసిన భూ బదలాయింపు నిబంధనలు, అందరి నోటా '1/70' చట్టం, ఆదివాసేతరులకు భూమి చేతులు మారడాన్ని నిషేధిస్తున్నాయి. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం కూడా చెల్లదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక అన్నాపోలిస్‌లో జరిగినట్టు ఒక కంపెనీ నేరుగా వచ్చి అడవి కొని ద్రాక్ష వేసే పరిస్థితి ములుగులో లేదు.

మరి అంత పకడ్బందీ చట్టం ఉంటే తగాదా ఎందుకు? ఎందుకంటే ఇక్కడ అడవి తీసి తోట పెట్టింది చాలా వరకు బయటి కంపెనీ కాదు, ప్రభుత్వమే.

జామాయిల్ వరసలు

1970లలో దేశమంతటా ఒక ఆలోచన బలపడింది. కలగాపులగంగా రకరకాల చెట్లు పెరిగే సహజ అడవి విలువ తక్కువది, దాన్ని నరికి త్వరగా ఎదిగే ఒకే రకం చెట్లు వేస్తే పరిశ్రమకు ముడిసరుకు, ఖజానాకు ఆదాయం వస్తుందన్నది దాని సారాంశం. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ కూడా ఈ దారినే సూచించింది. రాష్ట్రాల్లో అటవీ అభివృద్ధి సంస్థలు పుట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1975లో ఏర్పడింది. దాని వారసత్వమే ఇప్పటి తెలంగాణ అటవీ అభివృద్ధి సంస్థ. ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల్లో మైళ్ల కొద్దీ కనిపించే జామాయిల్ తోటలు, అంటే నీలగిరి చెట్ల వరసలు, ఆ కాలం మొదలుపెట్టిన పని. కొనేవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ కాగితం మిల్లు, భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ, మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు మిల్లు.

ఆ కలగాపులగం అడవిలో ఏముందో గూడెంవాళ్లను అడిగితే వేరే పట్టిక వస్తుంది. వేసవి మొదట్లో ఇప్పపువ్వు. దాని వెనుకే తునికాకు, యాభై ఆకుల కట్టకు ఇంత అని కల్లంలో లెక్క. సారపప్పు, ఉసిరి, కరక్కాయ, జిగురు, తేనె. వానలు పడ్డాక పుట్టగొడుగులు, దుంపలు. పశువుల మేత, వంటచెరకు, నాగలికి కర్ర. గిరిజన సహకార సంస్థ కొనేది వీటిలో కొన్నింటినే. మిగిలినవి ఏ ఖాతాలోనూ ఎక్కని తిండి, ఎక్కని కూలి. జామాయిల్ తోటలో వీటిలో ఏదీ ఉండదు. చెట్టు ఆకును పశువు ముట్టదు. కింద గడ్డి పలచగా ఉంటుంది. తోట కొట్టే రోజుల్లో కొద్దిగా కూలి దొరుకుతుంది, తరువాత మళ్లీ ఎదిగేదాకా ఏమీ ఉండదు.

పరిశ్రమ వైపు కూడా ఈ లెక్క సాఫీగా నడవలేదు. కమలాపురం మిల్లు 2014లో ఉత్పత్తి ఆపేసి మళ్లీ తెరుచుకోలేదు. సిర్పూర్ మిల్లు అదే ఏడాది మూతపడి, చేతులు మారాక 2018లో మొదలైంది. మిల్లు కోసం మార్చిన అడవి మిల్లు మూతపడితే తిరిగి అడవి అవదు.

1980 చట్టం ఈ పద్ధతిని కూడా గమనించింది. తరువాత 1988లో చేర్చిన మాట ఒకటుంది: సహజంగా పెరిగిన చెట్లను నరికి ఆ చోట మళ్లీ మొక్కలు నాటాలన్నా కేంద్రం అనుమతి ఉండాల్సిందే. అయితే అనుమతి కాగితం అడవి యాజమాన్య ప్రణాళిక రూపంలో వస్తుంది. దాన్ని రాసేది అటవీ శాఖ, చదివేది అటవీ శాఖ, ఆమోదించేది కేంద్రంలోని అటవీ శాఖ. అన్నాపోలిస్ వాసికి దొరికిన నివేదిక, అభ్యంతరం, లిఖితపూర్వక జవాబు అనే మెట్లు ఈ దారిలో లేవు. ఫలానా కంపార్ట్‌మెంటులో, అంటే అటవీ శాఖ అడవిని విడగొట్టి నంబరు వేసిన ముక్కలో, ఫలానా ఏడాది ఏం కొడతారో గూడెంవాళ్లకు తెలిసేది రంపం చప్పుడు వినిపించాకే.

అదే వాలు మీద పోడు

ఇక చిక్కుముడిలో అందరూ తడబడే చోటికి వద్దాం. ఆదివాసీలు కూడా అడవిని నరికి సాగు చేస్తున్నారు కదా అన్న ప్రశ్న. అవును, చేస్తున్నారు. ఆ సాగునే పోడు అంటారు. దాన్ని దాచిపెట్టి రాయడం వల్ల ప్రయోజనం లేదు.

2006 నాటి అటవీ హక్కుల చట్టం ఒక గీత గీసింది. 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమిలో ఉండి సాగు చేసుకుంటున్న ఆదివాసీ కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు ఇవ్వాలి. ఇతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ ఉన్నట్టు చూపాలి. ఎవరు అర్హులో తేల్చే పని గ్రామసభతో మొదలవ్వాలి. ఆ పని పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. చట్టం వచ్చాక పదిహేడో ఏట, 2023 జూన్ 30న, ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి తెలంగాణ ప్రభుత్వం 1,51,146 మందికి 4,06,369 ఎకరాల మీద పట్టాలు పంచింది. ఈ అంకెను రెండు రకాలుగా చదవవచ్చు. పెద్ద మేలు జరిగిందని ఒక చదువు. అంతమందికి అంత భూమి మీద అప్పటివరకు హక్కు తేలలేదని, ఆ తేలని కాలంలోనే వాళ్ల పొలాల్లో కందకాలు తవ్వి మొక్కలు నాటారని రెండో చదువు.

ప్రభుత్వం మొక్కలు నాటించే కార్యక్రమం హరితహారం 2015 జులైలో మొదలైంది. 230 కోట్ల మొక్కలు, రాష్ట్రంలో పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి. ఇంత పెద్ద లక్ష్యం ఇస్తే బీటు అధికారి ఖాళీ నేల వెతుక్కోవాలి. అడవిలో ఖాళీగా కనిపించేది పోడు చేనే. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన మహిళా అధికారి మీద కర్రలతో దాడి జరిగింది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఒక రేంజి అధికారిని చంపేశారు. అక్కడా తగాదా నాటిన మొక్కల గురించే. ఈ రెండు సంఘటనలకు ఏ సమర్థనా లేదు. పై నుంచి వచ్చిన లక్ష్యాన్ని మోసుకుంటూ వెళ్లిన ఉద్యోగి ఒక పక్క, ఈ ఏటి పంట మీదే అప్పు చేసిన రైతు మరో పక్క నిలబడితే, వాళ్ల మధ్య తేలవలసిన కాగితాన్ని తేల్చని పైవాళ్లు ఎప్పుడూ ఆ చేనులో ఉండరు.

పోడు స్వభావం మారిన మాట కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్లు సాగు చేసి, నేలను వదిలి, మళ్లీ తిరిగొచ్చే పాత పద్ధతి ఇప్పుడు దాదాపు లేదు. జొన్న, సామ, కందులు వేసిన చోట చాలా వరకు పత్తి ఉంది. విత్తనం, ఎరువు అప్పుగా ఇచ్చేది పట్టణంలోని వ్యాపారి. 2005 తరువాత కొట్టిన అడవి ఉంది, ఆదివాసీ పేరు ముందు పెట్టి వెనుక బయటివాళ్లు సాగించేదీ ఉంది. వీటికి, తాతల నాటి చేనుకు తేడా తేల్చగలిగేది ఊరే. ఎవరి చేను ఎప్పటిదో గూడెంలో ముసలివాళ్లకు తెలిసినంతగా ఉపగ్రహ చిత్రానికి తెలియదు. చట్టం ఆ పనిని గ్రామసభకు ఇవ్వడంలో ఉన్న తర్కం అదే.

పై నుంచి చూస్తే అంతా పచ్చనే

దేశంలో అడవి ఎంత ఉందో రెండేళ్లకోసారి చెప్పేది భారత అటవీ సర్వేక్షణ సంస్థ. దాని లెక్కలో అటవీ విస్తీర్ణం అంటే హెక్టారుకు తగ్గని నేల మీద, చెట్ల కొమ్మలు కనీసం పది శాతం నీడ పరిచిన చోటు. ఆ భూమి ఎవరిదైనా, ఆ చెట్టు ఏదైనా లెక్కలోకి వస్తుంది. మామిడి తోట, వెదురు, తాటి తోపు, జామాయిల్, అన్నీ.

దీని ఫలితం ఊహించండి. పాకాల దగ్గర వంద హెక్టార్ల సహజ అడవి పోయి, జగిత్యాల వైపు వంద హెక్టార్ల మామిడి తోటలు పెరిగితే ఆ రాష్ట్ర లెక్కలో తేడా కనిపించదు. ఇప్ప చెట్టు పోయిందని, తునికి పొద పోయిందని, ఎలుగుబంటి దారి తెగిందని ఆ అంకె చెప్పదు. ఉపగ్రహాన్ని తప్పుపట్టడం అనవసరం, అది చూడమన్నది చూస్తోంది. ఆ అంకెను తెచ్చి 'అడవి తగ్గలేదు' అని సభల్లో ప్రకటించడమే అసలు తప్పు.

పరిహార వనీకరణ కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది. కాళేశ్వరం ప్రాజెక్టుకు 3,168 హెక్టార్ల అటవీ భూమి ఇచ్చారు. ఇలా ఇచ్చినప్పుడు మరోచోట నేల చూపి మొక్కలు పెంచాలి. ఆ 'మరోచోటు' చాలాసార్లు ఎవరో ఒకరు ఇప్పటికే వాడుకుంటున్న నేలే అవుతుంది. మేత బీడు కావచ్చు, పోడు చేను కావచ్చు. ప్రాజెక్టు కింద నీళ్లు వచ్చేది ఒక జిల్లాకు, పరిహారంగా మొక్కలు మొలిచేది మరో జిల్లాలోని గూడెం చేలో.

కాలిఫోర్నియా వాళ్ల ఒండ్రు వాదన కూడా మనకు పరాయిది కాదు. పాకాల చెరువును 1213లో, గణపతిదేవుడి కాలంలో కట్టారు. చుట్టూ అడవి ఉన్న కొండల నీరు దిగే చోటు చూసి కట్ట వేశారు. లక్నవరం కూడా అంతే. ఆ వాలు మీది అడవి పలచబడితే మట్టి దిగేది చెరువులోకే, నష్టపోయేది నర్సంపేట, గోవిందరావుపేట వైపు ఆయకట్టు రైతులు. అక్కడ నదిలో చేపల గుడ్ల కోసం జనం కోర్టుకెళ్లారు. ఇక్కడ ఎనిమిది వందల ఏళ్ల చెరువుకు నీరు తెచ్చే అడవి గురించి అడగవలసిన ఆయకట్టుదారులు అడవి తగాదాను గూడెంవాళ్ల తగాదాగా భావించి ఊరుకుంటున్నారు. నాకు ఇది అన్నిటికన్నా వింతగా తోస్తుంది.

గ్రామసభను చివరికి నెట్టిన తీరు

అటవీ హక్కుల చట్టం వచ్చాక 2009లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అటవీ భూమిని వేరే పనికి ఇవ్వాలంటే హక్కుల గుర్తింపు పూర్తయినట్టు, సంబంధిత గ్రామసభలు ఒప్పుకున్నట్టు పత్రాలు జతచేయాలి. ఒడిశాలోని నియమగిరి కేసులో 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ మాటకు బలం ఇచ్చింది. ఆ కొండ చుట్టూ ఉన్న 12 గ్రామసభలు బాక్సైటు గని వద్దన్నాయి, గని ఆగింది. అన్నాపోలిస్ వాసికి ఉన్న అవకాశం కన్నా ఇది గట్టిది. అతను అభ్యంతరం మాత్రమే చెప్పగలడు, గ్రామసభ కాదనగలదు.

2022 జూన్‌లో వచ్చిన అటవీ సంరక్షణ నిబంధనలు ఈ వరసను మార్చాయి. ఇప్పుడు కేంద్రం తన అనుమతి ముందే ఇచ్చేయవచ్చు. అటవీ హక్కుల చట్టం పాటించారో లేదో భూమి అప్పగించే ముందు రాష్ట్రం చూసుకోవాలి. చూడటానికి చిన్న మార్పులా ఉంటుంది. కేంద్రం సరేనన్నాక, టెండర్లు పిలిచాక, డబ్బు కట్టాక ఒక గూడెం గ్రామసభ కాదంటే ఏ కలెక్టరు ఆ కాగితాన్ని పట్టుకుని పథకం ఆపగలడు? చట్టంలోని హక్కును ఎవరూ రద్దు చేయలేదు. దాన్ని వాడే సమయాన్ని వెనక్కి నెట్టారు, అంతే.

వరసను లెక్కచేయకపోతే ఏమవుతుందో 2025లో ఆసిఫాబాద్ జిల్లా చూపించింది. మే చివర్లో ప్రభుత్వం జీఓ 49 ఇచ్చింది. మహారాష్ట్రలోని తడోబా నుంచి కవ్వాల్‌కు పులులు వచ్చే దారిలో దాదాపు 1,492 చదరపు కిలోమీటర్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. పులుల దారిని కాపాడటం అవసరమే. కాగజ్‌నగర్ అడవి దాటితేనే తడోబా పులి కవ్వాల్ చేరుతుంది. అయితే ఇలాంటి రిజర్వు ప్రకటించే ముందు స్థానిక సముదాయాలతో సంప్రదించాలని వన్యప్రాణి సంరక్షణ చట్టమే చెబుతోంది. తమను ఎవరూ అడగలేదని గ్రామాలు లేచాయి, బంద్‌లు జరిగాయి, జులైలో ప్రభుత్వం జీఓను నిలిపివేసింది. జల్ జంగల్ జమీన్ అని నినదించి 1940లో నేలకొరిగిన మనిషి పేరు పెట్టి, ఆయన వారసులను అడగకుండా ఆ అడవి మీద ఉత్తర్వు ఇవ్వడం ఎంత అవివేకమో వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ నష్టపోయింది పులి కూడా.

అంతకు కొద్ది ముందు, ఏప్రిల్ 3న, హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించింది. విద్యార్థులు, వీడియోలు, న్యాయవాదులు, జాతీయ పత్రికలు అన్నీ ఒక్కసారిగా కదిలాయి. ఆ ఆదేశం మంచిదే. కానీ కన్నాయిగూడెంలో, తిర్యాణిలో చెట్లు పడితే అదే వేగం కనిపించదు. రాజధాని నడిబొడ్డున ఉన్న అడవికి దొరికిన వినికిడి ఏజెన్సీ అడవికి దొరకాలంటే గ్రామసభ తీర్మానం తప్ప వేరే దారి లేదు.

తోటలు పోడు పట్టాల మీదికి

ఉత్తర తెలంగాణలో అడవి, తోట తగాదా ఇకముందు ఏ రూపంలో వస్తుందంటే నా అంచనా ఇది: కంపెనీ ద్రాక్షతోట రూపంలో రాదు, పోడు పట్టా భూమిలో పథకం రూపంలో వస్తుంది.

2025 మేలో రాష్ట్ర ప్రభుత్వం ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టింది. 12,600 కోట్ల రూపాయల ఖర్చుతో, అటవీ హక్కుల పట్టాలున్న 6 లక్షల ఎకరాలకు, 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులకు సౌర విద్యుత్ మోటార్లతో నీరు అందించాలన్నది లక్ష్యం. నీటితో పాటు ఆయిల్ పామ్, మామిడి, అవకాడో, వెదురు వంటి తోటలను ప్రోత్సహిస్తామంటున్నారు. వానాధారం పత్తితో అప్పుల్లో మునిగే రైతుకు నీరు ఒక వరం, అందులో సందేహం లేదు. పైగా ఇది హక్కు ఉన్న భూమి. చట్టవిరుద్ధం ఏమీ లేదు.

అయినా ప్రశ్నలున్నాయి. ఆయిల్ పామ్ ఎండాకాలంలో రోజుకు చెట్టుకు 200 లీటర్లకు అటూ ఇటూగా తాగుతుంది. ఎకరానికి 57 చెట్లు పడతాయి. ఒక గూడెంలో వంద ఎకరాలు వేస్తే వేసవిలో ఆ నీరంతా ఎక్కడి నుంచి రావాలి? అడవి వాగు కింద పొరల నుంచే. అదే వేసవిలో జింక, అడవిపంది, గూడెం ఆడవాళ్ల బిందె ఆ వాగు చెలమ మీదే ఆధారపడతాయి. కాపు మొదలవడానికి నాలుగేళ్లు పడుతుంది, అప్పటిదాకా ఇల్లు గడిచేదెట్లా? కోసిన గెలలను 24 గంటల్లో మిల్లు చేర్చాలి. ఆయిల్ పామ్‌లో జిల్లాలను కంపెనీలకు పంచారు, కొనేవాడు ఒక్కడే. వానాకాలంలో వాగు పొంగితే రోజుల తరబడి దారి తెగే ఊళ్లలో ఆ గెలల గతి ఏమిటి? పట్టా ఉన్నా ఈ భూమిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. మంచి రక్షణే. కాని తోట విఫలమైతే వదిలించుకునే దారీ లేదు. చేలో మిగిలిన ఇప్ప, తునికి చెట్లను ఉంచి మధ్యలో తోట వేస్తారా, యంత్రంతో చదును చేస్తారా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మొదటిదైతే తోట, అడవి కలిసి బతకవచ్చు. రెండోదైతే ప్రభుత్వ ఖర్చుతో, ఆదివాసీ చేతి మీదుగా, జామాయిల్ కథే మరోసారి నడుస్తుంది.

నన్ను ఎవరైనా తోటకు అనుకూలమా వ్యతిరేకమా అని అడిగితే ఒకే మాట చెప్పలేను. నీరు చాలే చోట, చెట్లు ఉంచి, మామిడో సీతాఫలమో వేసుకుంటే అడవి అంచు ఊరికి అంతకన్నా మంచి పంట లేదు. ఒకే పంట, ఒకే కొనుగోలుదారు, ఒకే లక్ష్యం అంటేనే భయం. ఆ తేడాను హైదరాబాద్‌లో కూర్చొని తేల్చడం కుదరదు, ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో తెలిసినవాళ్లే తేల్చాలి.

అందుకని, మీ మండలంలో అడవి మీదకో, పోడు మీదకో ఏ పథకం వచ్చినా ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. అటవీ భూమి బదలాయింపు ప్రతిపాదన అయితే కేంద్రం నడిపే పరివేష్ వెబ్‌సైటులో దాని నంబరు, పటం, దరఖాస్తుదారు వివరాలు దొరుకుతాయి. పటంలో కంపార్ట్‌మెంటు నంబరు చూసి అది ఏ గూడెం పరిధిలోదో సరిచూసుకోవాలి. ఊరికి సాముదాయక అటవీ హక్కు పత్రం ఉందేమో అడగాలి. చాలా ఊళ్లకు చేను పట్టాలే వచ్చాయి, తునికాకు ఏరే అడవి మీద హక్కు రాలేదు. తరువాత గ్రామసభ తీర్మానం నకలు తీసుకోవాలి. సభకు మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది రావాలని, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలని 2012లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. పంచాయతీ కార్యాలయంలో పదిమంది సంతకాలతో రాసుకున్న కాగితం గ్రామసభ తీర్మానం కాదు. కోర్టులో పథకం నిలవాలన్నా పడిపోవాలన్నా ముందు తెరిచేది ఆ హాజరు పట్టీనే.